ముప్పై నలభై సైటు నుంచి √13 దాకా: వర్గమూలాలను, పైథాగరస్ సిద్ధాంతాన్ని చేత్తో వాడుకునే విధానం

బెంగళూరులో స్థలం కొన్న తెలుగువారిని సైటు ఎంత అని అడిగితే, ఊళ్ళో చెప్పినట్టు గజాల్లో చెప్పరు. "ముప్పై నలభై" అనో, "ఇరవై ముప్పై" అనో రెండు భుజాల కొలతలు చెబుతారు. ఈ అలవాటు వెనుక చక్కటి జ్యామితి ఉంది. 30 అడుగులు, 40 అడుగులు భుజాలుగా గల దీర్ఘచతురస్రంలో ఎదురెదురు మూలల మధ్య దూరం సరిగ్గా 50 అడుగులు. అందులో వెంట్రుకవాసి తేడా కూడా ఉండదు. కాని 20, 30 అడుగుల సైటుకు ఆ అదృష్టం లేదు. దాని కర్ణం √1300 అడుగులు, అంటే సుమారు 36.06. ఆ "పాయింట్ సున్నా ఆరు" దగ్గరే నాకు ఈ పాఠం బాగా వంటబట్టింది.

రెండేళ్ళ కిందట బెంగళూరులోని హోరమావు దగ్గర మా బావమరిది ఇరవై ముప్పై సైటులో పునాదికి ముగ్గు పోస్తున్న ఉదయం, కర్ణం ఎంత పెట్టాలని మేస్త్రీ ఫోనులో అడిగితే, నేను "ముప్పై ఆరు పాయింట్ సున్నా ఆరు" అని చెప్పాను. ఆయన అనంతపురం జిల్లా నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఈ నగరంలో ఇళ్ళు కడుతున్న అనుభవజ్ఞుడు. అయినా టేపు మీద ఉండేవి అడుగులూ అంగుళాలే గాని దశాంశాలు కావు గనుక, నా మాట 36 అడుగుల 6 అంగుళాలై మేకు అక్కడ దిగింది. దశాంశాన్ని అంగుళాల్లోకి మార్చి చెప్పవలసిన బాధ్యత నాది, నేనది చెయ్యలేదు. దానివల్ల ఆ మూల 90 డిగ్రీలకు బదులు దాదాపు 91.5 డిగ్రీలైంది. వినడానికి ఒకటిన్నర డిగ్రీయే, కాని ఇరవై అడుగుల గోడ చివరికి వెళ్ళేసరికి అది ఆరున్నర అంగుళాలకు దగ్గరగా పక్కకు జరగడం. అదృష్టవశాత్తు కందకం తవ్వకముందే ఆ తప్పు బయటపడింది. ఎలా బయటపడిందో నేల మీద కొలిచే మెట్టులో చెబుతాను.

మొదటి మెట్టు: వర్గమూలాన్ని పొడవుగా చూడడం

బడిలో వర్గమూలాన్ని ఒక గుర్తుగా నేర్పుతారు; పిల్లలు దాన్ని గుర్తుగానే మోస్తారు. నా ఉద్దేశంలో దాన్ని ముందు నేల మీద చూపాలి. ముప్పై నలభై సైటు వైశాల్యం 1200 చదరపు అడుగులు. అంతే వైశాల్యం గల సైటు నాలుగు వైపులా సమానంగా, చతురస్రంగా ఉంటే ఒక్కో వైపు ఎంత ఉంటుంది అన్న ప్రశ్నకు జవాబే √1200. అది సుమారు 34.64 అడుగులు. భుజం నుంచి వైశాల్యానికి వెళ్ళడం వర్గం, వైశాల్యం నుంచి వెనక్కి భుజానికి రావడం వర్గమూలం. 

ఈ దృష్టితో చూస్తే, ఎక్కువమంది చేసే ఒక పెద్ద తప్పు దానంతటదే తొలగిపోతుంది. √(400 + 900) విలువను 20 + 30 = 50 అని రాసే పిల్లలు ప్రతి ఏడూ కనిపిస్తారు. 20 అడుగులు ఒక గట్టు వెంబడి, 30 అడుగులు మరో గట్టు వెంబడి నడిస్తే 50 అడుగులవుతుంది. చేనుకు అడ్డంగా పడి నడిచినవాడు తక్కువే నడుస్తాడు. కాబట్టి రెండు వైశాల్యాలను కూడిన తరువాతే మూలం తీయాలి, విడివిడిగా తీసి కూడకూడదు. గుణకారానికి మాత్రం ఈ అడ్డు లేదు: √(4 × 9) అంటే 2 × 3 అని ధైర్యంగా రాయవచ్చు.

ఆ గుణకార నియమమే కారణాంక పద్ధతికి ఆధారం. 1764 ను ప్రధాన కారణాంకాలుగా విడదీస్తే 2 × 2 × 3 × 3 × 7 × 7 వస్తుంది; జతకు ఒకటి చొప్పున బయటికి తీస్తే 2 × 3 × 7 = 42. జత కుదరనిది లోపలే ఉండిపోతుంది. 1300 లో 10 × 10 జతగా బయటికి వచ్చి 13 లోపల మిగులుతుంది, కనుక √1300 = 10√13. నలభై అరవై సైటు కర్ణం √5200. అందులో 400 బయటికి వచ్చి 20√13 అవుతుంది. అంటే ఈ నగరంలో తరచుగా వినబడే రెండు సైటు కొలతల్లో ఒకే √13 దాగి ఉంది. దాన్ని ఒకసారి జాగ్రత్తగా కనుక్కుంటే రెండూ తేలిపోతాయి. పని మొదలుపెట్టే ముందు 1 నుంచి 30 వరకు వర్గాలు కంఠతా పట్టండి. 2, 3, 7, 8 అంకెలతో ముగిసే పూర్ణసంఖ్య ఏదీ మరో పూర్ణసంఖ్యకు వర్గం కాదన్నది గుర్తుంటే వ్యర్థ ప్రయత్నాలు కూడా తగ్గుతాయి.

రెండో మెట్టు: దగ్గరి విలువను కాగితం మీద రాబట్టడం

√1300 కావాలి. 36 × 36 = 1296, 37 × 37 = 1369. జవాబు 36 కు పైన, 36 ను అంటిపెట్టుకొని ఉందని తెలిసింది. మిగిలిన 4 ను 36 కు రెట్టింపైన 72 తో భాగిస్తే 0.0556. కాబట్టి √1300 సుమారు 36.0556.

రెట్టింపుతో ఎందుకు భాగిస్తున్నామో తెలియకుండా ఈ పద్ధతిని వాడవద్దు. 36 భుజంగా గల చతురస్రాన్ని కొంచెం పెంచాలనుకోండి. కుడి వైపు ఒక సన్నని పట్టీ, పైన ఒక సన్నని పట్టీ, ఆ రెండూ కలిసే మూలలో ఒక చిన్న ముక్క చేరతాయి. రెండు పట్టీల పొడవు కలిపి 72. వాటికి పంచవలసిన వైశాల్యం 4. మూలముక్క మరీ చిన్నది గనుక దాన్ని వదిలేశాం. అలా వదిలేసినందువల్ల మన జవాబు ఎప్పుడూ నిజమైన విలువ కంటే పిసరంత ఎక్కువగా ఉంటుంది. ఇక్కడ నిజమైన విలువ 36.05551, మనకు వచ్చింది 36.05556, ఇంటి పనికి ఈ తేడా లెక్కలోకి రాదు.

మొదటి ఊహ అంత దగ్గరగా లేనప్పుడు సగటు పద్ధతి మేలు. √5200 కోసం 70 తో మొదలుపెడదాం. 5200 ను 70 తో భాగిస్తే 74.286. మనం అనుకున్నది తక్కువైతే భాగఫలం ఎక్కువవుతుంది, అసలు విలువ ఆ రెండింటి నడుమ ఉంటుంది. కనుక వాటి సగటు 72.143 తీసుకోవాలి. మళ్ళీ 5200 ను 72.143 తో భాగిస్తే 72.079, ఆ రెండింటి సగటు 72.111. రెండు విడతల్లోనే మూడు దశాంశ స్థానాలు కుదిరాయి.

మూడో మెట్టు: భాగహార పద్ధతి, అందులోని సున్నా

ఒక్కొక్క అంకెనూ తప్పులేకుండా రాబట్టే పద్ధతి ఇది. స్థానవిలువలను ఆధారం చేసుకొని వర్గమూలం తీసే విధానం క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే ఉంది. మన బడుల్లో నేర్పేది ఆ కుదురులోదే. √13 తో చేసి చూద్దాం.

దశాంశ బిందువు నుంచి ఎడమకూ కుడికీ రెండేసి అంకెలను జతలుగా విడదీయాలి: 13 . 00 00 00 00. మొదటి జత 13. దానికి మించని అతి పెద్ద వర్గం 9, మూలం 3, శేషం 4. తరువాతి జత దించితే 400. ఇప్పటివరకు వచ్చిన 3 ను రెట్టించి 6 రాసి, పక్కన ఒక ఖాళీ ఉంచాలి. ఆ ఖాళీలో ఏ అంకె పెట్టి, అదే అంకెతో గుణిస్తే 400 మించకుండా దగ్గరగా వస్తుందో చూడాలి. 66 × 6 = 396. జవాబు 3.6, శేషం 4. మళ్ళీ జత దించితే 400. ఈసారి 36 ను రెట్టిస్తే 72, పక్కన ఖాళీ. 721 × 1 కూడా 400 దాటిపోతుంది. కాబట్టి ఇక్కడ 0 పెట్టాలి: 3.60. తరువాతి జత దించితే 40000; 360 కి రెట్టింపు 720, పక్కన 5 పెడితే 7205 × 5 = 36025. జవాబు 3.605, శేషం 3975. ఇంకో జత దించితే 397500; 72105 × 5 = 360525. జవాబు 3.6055.

నడుమ వచ్చిన ఆ సున్నా దగ్గర కాసేపు ఆగాలి. తొందరలో దాన్ని వదిలేసి నేరుగా తరువాతి జత దించిన విద్యార్థికి 3.65 వస్తుంది, దాన్ని పదితో గుణిస్తే కర్ణం 36.5 అడుగులు, అంటే 36 అడుగుల 6 అంగుళాలు. హోరమావులో మేకు దిగింది సరిగ్గా అక్కడే. కాగితం మీద సున్నా పోయినా, ఫోనులో సున్నా పోయినా నేల మీద వచ్చే వంకర ఒక్కటే. అందుకే ఈ పద్ధతి నేర్పేటప్పుడు సున్నా రాని ఉదాహరణలతో సరిపెట్టకుండా, √13 వంటిదాన్ని తప్పక చేయించాలని నేను కోరుకుంటాను.

జతలు విడదీయడంలో మరో జాగ్రత్త ఉంది. √1300 లో మొదటి జత 13. √130 లో మొదట మిగిలేది ఒంటరి 1. అందుకే √130 సుమారు 11.40, √1300 సుమారు 36.06, ఒక సున్నా చేరితే విలువ పదింతలు కాదు, 3.16 రెట్లే అవుతుంది. రెండు సున్నాలు చేరినప్పుడే పదింతలు.

నాలుగో మెట్టు: సిద్ధాంతాన్ని కాగితం ముక్కలతో నమ్మడం

లంబకోణ త్రిభుజంలో లంబకోణానికి ఎదురుగా ఉండే భుజమే కర్ణం. కర్ణం మీద గీసిన చతురస్రపు వైశాల్యం, మిగిలిన రెండు భుజాల మీద గీసిన చతురస్రాల వైశాల్యాల మొత్తానికి సమానం. దీర్ఘచతురస్రపు ఎదురు మూలలను కలిపే గీతను కూడా తెలుగులో కర్ణమనే అంటాం. రెంటికీ ఒకే పేరుండడం మనకు మేలే, ఎందుకంటే ఆ గీతే దీర్ఘచతురస్రాన్ని రెండు లంబకోణ త్రిభుజాలుగా చీల్చి రెంటికీ కర్ణమవుతుంది. యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథం బౌధాయన శుల్బసూత్రం కూడా ఈ విషయాన్ని త్రిభుజంతో కాక, దీర్ఘచతురస్రానికి అడ్డంగా పట్టిన తాడుతోనే చెబుతుంది, శుల్బమంటే తాడే. మేస్త్రీ చేతిలోని పురికొసకు అంత దగ్గర చుట్టం ఈ సిద్ధాంతం.

రుజువు కోసం గళ్ళ కాగితం మీద 7 గళ్ళ భుజంతో చతురస్రం గీయండి. ప్రతి భుజాన్నీ ఒకే దిశలో తిరుగుతూ 3, 4 గా విడగొట్టి, ఆ నాలుగు బిందువులను వరుసగా కలపండి. మూలల్లో 3, 4 భుజాలుగా గల నాలుగు త్రిభుజాలు, నడుమ ఒక వాలు చతురస్రం వస్తాయి. మొత్తం 49 గళ్ళు. ఒక్కో త్రిభుజం 6 గళ్ళు, నాలుగూ కలిపి 24. నడుమ మిగిలింది 25. ఆ 25 గళ్ళ చతురస్రపు భుజమే మన కర్ణం, కాబట్టి అది 5. ఇప్పుడు ఆ నాలుగు త్రిభుజాలను కత్తిరించి, రెండేసి చొప్పున జతపరచి 3 × 4 దీర్ఘచతురస్రాలుగా చేసి, అదే 7 గళ్ళ చతురస్రంలో రెండు ఎదురు మూలల్లో పెడితే, ఖాళీగా మిగిలేవి 9 గళ్ళ చతురస్రం, 16 గళ్ళ చతురస్రం. త్రిభుజాలు మారలేదు, చోటు మారలేదు; కనుక 25 = 9 + 16. మూడు, నాలుగుకు బదులు ఏ పొడవులు తీసుకున్నా ఈ కత్తిరింపు ఇలాగే పనిచేస్తుంది. ఒక్కసారి చేత్తో చేసిన పిల్లలు దీన్ని మరచిపోవడం నేను చూడలేదు.

అయిదో మెట్టు: నేల మీద మూల తీయడం

నేల మీద మనకు ఎక్కువగా అక్కరకు వచ్చేది సిద్ధాంతం కాదు, దాని విపర్యయం: మూడు భుజాలలో రెండింటి వర్గాల మొత్తం మూడోదాని వర్గానికి సమానమైతే, ఆ రెండింటి మధ్య కోణం లంబకోణమై తీరుతుంది. కోణాన్ని కొలవకుండా, పొడవులు మాత్రమే కొలిచి, 90 డిగ్రీలు సాధించే దారి ఇదే.

ముప్పై నలభై సైటులో ఇలా చేయాలి. రోడ్డు వైపు హద్దు మీద పురికొస లాగి, ఒక మూలలో క అనే మేకు దించండి. ఆ గీత వెంబడి 30 అడుగుల దూరంలో ఖ అనే మేకు దించండి. ఒక టేపు సున్నాను క దగ్గర, మరో టేపు సున్నాను ఖ దగ్గర ఇద్దరు మనుషులు కదలకుండా పట్టుకోవాలి. మూడో మనిషి మొదటి టేపులో 40 అడుగుల గీతనూ, రెండో టేపులో 50 అడుగుల గీతనూ ఒకచోటికి తెచ్చి, రెండూ బిగువుగా ఉన్నప్పుడు అవి కలిసిన చోట గ అనే మేకు దించాలి. క దగ్గర మూల లంబకోణమైంది. నాలుగో మేకు ఘ కోసం ఖ నుంచి 40, గ నుంచి 30 పట్టండి.

చాలామంది చిన్న 3, 4, 5 తో మూల తీసి, ఆ గీతనే చివరిదాకా పొడిగిస్తారు. స్థలం లేనప్పుడు తప్పదు గాని, నాలుగు అడుగుల దగ్గర అర అంగుళం పక్కకు పోయిన గీత నలభై అడుగుల దగ్గర అయిదు అంగుళాలు పోతుంది. టేపు అందినంత మేర పెద్ద త్రికాన్నే, అంటే ఇలా కుదిరే మూడు పొడవుల గుంపునే వాడాలి: 6, 8, 10; లేదా 12, 16, 20; వీలైతే 30, 40, 50. మూలమట్టం గోడ మూలకు మంచిదే, సైటు మూలకు చాలదు.

నేల ఏటవాలుగా ఉంటే టేపును నేల మీద పరచకూడదు. నలభై అడుగుల్లో మూడు అడుగుల ఎత్తు తేడా ఉన్న సైటులో వాలు వెంబడి కొలిచిన 40 అడుగులు, సమతలంలో √(1600 − 9) = √1591, అంటే 39.89 అడుగులే, ఒక అంగుళానికి పైగా తగ్గిపోయింది. నీళ్ళు నింపిన గొట్టంతో మట్టం చూసి, టేపును సమంగా పట్టి, పైనుంచి గుండు వదిలి మేకు చోటు గుర్తించాలి.

ఇప్పుడు దశాంశాలను అంగుళాల్లోకి మార్చే విషయం. కర్ణం 36.0555 అడుగులైతే, 36 ను పక్కనబెట్టి 0.0555 ను మాత్రమే 12 తో గుణించాలి: 0.67 అంగుళం. దాన్ని మళ్ళీ 8 తో గుణిస్తే 5.3, అంటే టేపు మీద 36 అడుగుల తరువాత, అంగుళంలో ఎనిమిదో వంతు గీతలు అయిదు. నలభై అరవైకి 72.111 అడుగులు: 0.111 × 12 = 1.33, కనుక 72 అడుగుల 1 అంగుళం మీద మూడు గీతలకు కొంచెం తక్కువ. పనివాళ్ళకు చెప్పేటప్పుడు ఈ రూపంలోనే, వీలైతే కాగితం మీద రాసి ఇవ్వండి.

నాలుగు మేకులూ దిగాక రెండు కర్ణాలనూ కొలవడం మానవద్దు. ఎదురు భుజాలు సమానమై, కర్ణాలు కూడా సమానమైతేనే అది దీర్ఘచతురస్రం. కర్ణాలు మాత్రమే సమానమైతే చాలదు. ముందు వెడల్పు 30, వెనుక వెడల్పు 28 ఉండి, రెండు పక్కలా ఒకేలా లోపలికి వాలిన సైటులో కూడా కర్ణాలు సమానంగానే ఉంటాయి. హోరమావులో ఆ ఉదయం మమ్మల్ని కాపాడింది ఈ రెండో కర్ణమే. భుజాలు నాలుగూ 20, 30, 20, 30 గానే ఉన్నాయి. మొదటి కర్ణం 36 అడుగుల 6 అంగుళాలు. రెండోది కొలిస్తే 35 అడుగుల 7 అంగుళాల చిల్లర వచ్చింది. ఒకటి ఎంత సాగితే రెండోది దాదాపు అంత కుంచించుకుపోతుంది, కనుక ఒక్కో కర్ణంలో అయిదారు అంగుళాలైన తప్పు వాటి తేడాలో దాదాపు పదకొండు అంగుళాలై కంటికి కొట్టినట్టు కనబడింది.

ఆరో మెట్టు: కర్ణం తెలిసి భుజం తెలియనప్పుడు

ఇక్కడ కూడిక కాదు, తీసివేత. 15 అడుగుల నిచ్చెన అడుగును గోడకు 4 అడుగుల దూరంలో పెడితే, అది గోడ మీద ఎంత ఎత్తు అందుతుంది? నిచ్చెనే కర్ణం. √(225 − 16) = √209. 14.5 వర్గం 210.25, మనకు కావలసినదాని కంటే 1.25 ఎక్కువ. దాన్ని 29 తో భాగిస్తే 0.043, 14.5 లోంచి తీసేస్తే 14.457 అడుగులు, అంటే 14 అడుగుల 5½ అంగుళాలు. అలవాటు కొద్దీ కూడినవారికి √241, అంటే 15.5 వస్తుంది, నిచ్చెన పొడవు కంటే అది ఎక్కువ ఎత్తుకు అందడం కుదరదు గనుక తప్పు వెంటనే తెలిసిపోతుంది. భుజం ఎప్పుడూ కర్ణం కంటే చిన్నదే. అలాగే కర్ణం పెద్ద భుజం కంటే ఎక్కువగా, రెండు భుజాల మొత్తం కంటే తక్కువగా ఉండాలి. ఫోనులో లెక్క చేసినా ఈ హద్దులతో ఒకసారి సరిచూడండి; రెండు వర్గాలనూ కూడకముందే మూలం గుర్తు నొక్కినప్పుడు వచ్చే వింత జవాబులు అక్కడే పట్టుబడతాయి.

ఏడో మెట్టు: దశాంశంలోకి ఎప్పుడు మార్చాలి

చిట్టచివర. √2, √13 వంటివి కరణీయ సంఖ్యలు. వాటి దశాంశాలు ఆగవు, ఒకే వరుసలో తిరిగి తిరిగి రావు. కనుక లెక్క నడుస్తున్నంతసేపూ వాటిని మూలం గుర్తుతోనే ఉంచి, కొలత పెట్టే క్షణంలోనే విలువ వేయాలి. పదడుగుల చదరపు గది కర్ణం 10√2. √2 ను 1.4 అనుకుంటే 14 అడుగులు. నిజానికి అది 14.142, అంటే 1.7 అంగుళాలు ఎక్కువ. శుల్బసూత్రకారులు √2 కు ఒకటి, దానికి మూడో వంతు, అందులో నాలుగో వంతు కూడి, ఆ చివరిదానిలో ముప్పైనాలుగో వంతు తీసివేయమన్నారు. లెక్క కడితే 577/408, అంటే 1.414216. ఆ విలువతో పదడుగుల గది కర్ణం గీస్తే వచ్చే తప్పు తలవెంట్రుక మందం కంటే తక్కువ. చివరి తీసివేతను వదిలేస్తే మిగిలేది 17/12. పన్నెండు అంగుళాల చదరపు టైలును మూలగా పరిస్తే అడ్డంగా పదిహేడు అంగుళాలు పడుతుందని టైల్స్ పరిచేవారు చెప్పే లెక్కకు అది సరిపోతుంది. అసలు కొలత 16.97 గనుక ఒక టైలుకు తేడా తెలియదు. ఇరవై టైళ్ళ వరుసలో మాత్రం అర అంగుళం దాటుతుంది. అక్కడ 17 కాక 12√2 నే ఇరవైతో గుణించి, ఆ తరువాత విలువ వేయాలి: 240√2, సుమారు 339.4 అంగుళాలు.

మా సైటులో ఆ రోజు తప్పిన వైపు రెండు మేకులనూ పీకి, కాగితం మీద "36 అడుగులు, 5 గీతలు" అని రాసి మేస్త్రీ చేతికిచ్చాను. ఆయన రెండు కర్ణాలనూ చెరో రెండుసార్లు కొలిచి, రెండూ అదే గీత మీద నిలిచాక, "ఇంక ముగ్గు పోయండి సార్, కరెక్టుగా ఉంది" అన్నారు.